ముప్ఫయ్యారో వీధిలో విందు

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు నయాగరా జలపాతం గురించి రాస్తారు, స్వేచ్ఛాదేవి విగ్రహం గురించి రాస్తారు. నేను రెండూ చూశాను. రెండింటి ముందూ నిలబడి తీయించుకున్న ఫోటోలు మా ఇంటి గోడమీద వున్నాయి. కాని నలుగురూ చేరినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చేది మాత్రం ఒక భోజన హోటలు. అదీ మాంసాహారానికి పేరుపడ్డ హోటలు.

మా అబ్బాయి న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే వూళ్ళో వుంటాడు. ఆ వూళ్ళో మనవాళ్ళకు కొదువ లేదు. కందిపప్పు దగ్గరనుంచి గోంగూర వరకూ అన్నీ దొరుకుతాయి. కిందటి అక్టోబరులో వాడి పై అధికారి ఒకాయన ఉద్యోగం విరమిస్తూ, “మీ అమ్మానాన్నలు వచ్చారట గదా, వాళ్ళనూ తీసుకురా” అని మమ్మల్ని ముగ్గురినీ న్యూయార్కులో విందుకు పిలిచాడు. శనివారం రాత్రి అనగానే మా ఆవిడ గుండెల్లో రాయి పడింది. శనివారం ఆవిడ నీచు ముట్టదు. వెళ్ళేది స్టేక్ హౌస్ అని వినేసరికి నా గుండెల్లోనూ పడింది. నేను ఆదివారం వేటమాంసం తినేవాణ్ణే. కాని స్టేక్ హౌస్‌లో ముఖ్యంగా వండేది గొడ్డుమాంసం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట వాడు శంషాబాదులో విమానం ఎక్కే రోజున, పెట్టెలన్నీ తూకం వేయించాక, వాణ్ణి పక్కకు పిలిచి, “అన్నీ తిను, అదొక్కటీ తినకురా” అన్నాను. “తినను నాన్నా” అని నా చేతిలో చెయ్యి వేశాడు. ఆ తరవాత నేను మళ్ళీ అడగలేదు, వాడూ మళ్ళీ ఎత్తలేదు.

శనివారం సాయంత్రం రైలెక్కి పెన్ స్టేషనులో దిగాం. అక్కణ్ణుంచి మేసీస్ దుకాణం ముందుగా, హెరాల్డ్ స్క్వేర్ మీదుగా నడక. తల ఎత్తితే ఎంపైర్ స్టేట్ భవనం. ముప్ఫయ్యారో వీధిలోకి తిరిగాక, ఆ ఆకాశహర్మ్యాల కాళ్ళ దగ్గర ఒదిగి కూర్చున్నట్టు ఒక పాత ఇల్లు. అదే ‘కీన్స్’. 1885లో ఆల్బర్ట్ కీన్ అనే ఆయన పెట్టిన హోటలు. ఆ రోజుల్లో నాటకశాలలన్నీ ఈ పేటలోనే వుండేవట. పక్క నాటకశాలలోని నటులు అంకానికీ అంకానికీ మధ్య, ముఖానికి రంగుతోనే వెనక ద్వారాన జొరబడి, ఇంత తిని, తెర లేచేవేళకు పరుగెత్తేవారని చెబుతారు. మన సురభి వాళ్ళ డేరా పక్కన టీకొట్టు జ్ఞాపకం వచ్చింది నాకు.

లోపల అడుగుపెట్టగానే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని, “ఏమండీ, పైకి చూడండి!” అంది. చూద్దును గదా, కప్పు కనబడడం లేదు. కప్పునిండా సన్నని పొడుగాటి మట్టి చుట్టపీకల లాంటివి వరసలు వరసలుగా కట్టివున్నాయి. అవి పొగతాగే మట్టి గొట్టాలు. వెనకటికి ఇంగ్లండులో పూటకూళ్ళ ఇళ్ళకు వచ్చే బాటసారులు, గుర్రంమీద తీసుకుపోతే విరుగుతాయని, ఎవరి గొట్టం వాళ్ళు అక్కడే దాచుకుని పోయేవారట. ఆ ఆచారాన్ని కీన్ ఇక్కడికి తెచ్చాడు. ప్రతి గొట్టానికీ ఒక అంకె, ఖాతాలో యజమాని పేరు. అడిగినవారికి వారి గొట్టం వెతికి తెచ్చి ఇవ్వడానికి ప్రత్యేకంగా కుర్రవాళ్ళు వుండేవారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్, శాస్త్రజ్ఞుడు ఐన్‌స్టీన్, బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్ కూడా ఖాతాదారులే. మొత్తం యాభైవేలకు తక్కువ వుండవట. 2003లో న్యూయార్కు హోటళ్ళలో పొగ పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు ఆ గొట్టాలకు వేలాడడం తప్ప వేరే పని లేదు.

“మరి ఆడవాళ్ళవి లేవా?” అని మా ఆవిడ అడిగింది. మంచి ప్రశ్నే. మొదట్లో ఇది మగవాళ్ళ హోటలు. లిల్లీ లాంగ్ట్రీ అనే పేరుపొందిన నటీమణి భోజనానికి వస్తే ఆడవాళ్ళకు ప్రవేశం లేదన్నారు. ఆవిడ 1905లో కోర్టుకెక్కి, గెలిచి, దర్జాగా వచ్చి కూర్చుని మటన్ చాప్ తెమ్మందట. ఇప్పుడు ఆవిడ పేరుతో అక్కడ ఒక గది కూడా వుంది. ఈ కథ విన్నాక మా ఆవిడకు హోటలు మీద కొంత గౌరవం కలిగింది.

మమ్మల్ని పిలిచినాయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, తెల్లని జుట్టు, చల్లని మాట. టెక్సాస్‌లో పుట్టి పెరిగాడు. నల్లబడిన కొయ్య గోడలు, తెల్లని బల్లగుడ్డలు, మందకొడి వెలుగు. పెద్దాయన మా అబ్బాయి భుజం తట్టి నవ్వుతూ, “నీకు ఎప్పటిలాగే పోర్టర్‌హౌసేనా?” అన్నాడు.

మా ఆవిడ గోడమీద పటాలు చూస్తోంది, వినలేదు. నేను విన్నాను. అంతకుముందే, ఏది దేనితో చేసిందో తెలుసుకుందామని, ఆ పట్టిక అంతా వాడిచేతనే చదివించుకున్నాను. పోర్టర్‌హౌస్ అంటే నడుము ఎముకతో సహా కోసిన గొడ్డుమాంసం. ఎముక టి అక్షరంలా మధ్యన వుంటుంది, దానికి అటొక రకం, ఇటొక రకం కండ.

మా అబ్బాయి తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడూ అంతే, వాడి చెవులే ముందు చెప్పేవి. “ఇవాళ వద్దండీ, మటన్ చాప్” అన్నాడు. “నాకూ అదే” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పెద్దాయనకు ఇదేమీ తెలియదు. నేను మొదటిసారి వచ్చానని ఉత్సాహంగా స్టేక్ మర్మం చెప్పసాగాడు. తాజా మాంసం గట్టిగా వుంటుందట. అందుకని పెద్ద పెద్ద ఖండాలను మంచుగడ్డ కాకుండా, నీరు గడ్డకట్టే చలికి ఒకటి రెండు డిగ్రీల పైన వుంచిన గదిలో, గాలి ఆడేలా మూడు నాలుగు వారాలు మాగవేస్తారు. లోపలి నీరు కొంత ఆవిరై రుచి చిక్కబడుతుంది. మాంసంలో సహజంగా వుండే రసాయనాలే నరాలను, పోగులను మెత్తబరుస్తాయి. పైన గట్టిపడిన పెచ్చు చెక్కి పారేసి, మిగిలింది భగభగమండే సెగకింద పెట్టి కాలుస్తారు. ఉప్పు తప్ప మసాలా వుండదు. లోపల ఎర్రగా వుంచాలా, లేతగులాబీ రంగు రావాలా, పూర్తిగా కాలాలా అన్నది తినేవాడి ఇష్టం. ఇదంతా వింటూంటే మామిడికాయలు గడ్డిలో మాగవేసిన మా నాయనమ్మ గుర్తొచ్చింది. పోలిక బాగాలేదని నాకూ తెలుసు. మనస్సు ఎక్కడెక్కడికో పోతోంది.

ఇంతలో ఆయన, “మీది ఏ వూరు?” అని అడిగాడు. ఒంగోలు దగ్గర పల్లెటూరు, నెల్లూరుకు ఉత్తరాన, అన్నాను. ఆ మాట వినగానే ఆయన బల్లమీద చెయ్యి వేసి ముందుకు వంగాడు. “నెల్లూరా? మా నాన్నకు పశువుల మంద వుండేది. బ్రాహ్మన్ పశువులు. వాటి మూలం మీ దేశమే!”

“బ్రాహ్మన్ ఏమిటి, పశువులేమిటి!” అని మా ఆవిడ తెల్లబోయింది. అది అక్కడొక పశుజాతి పేరు. మన ఒంగోలు జాతి, గుజరాతు వైపు గిర్, కాంక్రేజ్, ఇంకా కృష్ణా లోయ జాతి, వీటిని కలిపి అమెరికావాళ్ళు తయారుచేసుకున్న మూపురం పశువు. టెక్సాస్ ఎండకూ, పిడుదులకూ అక్కడి సీమ పశువు తట్టుకోలేకపోతే మనది తట్టుకుంది. ఆ జాతి పెంపకందార్ల సంఘం 1924లోనే ఏర్పడింది. బ్రెజిల్ సంగతి మరీ విచిత్రం. పందొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టి 1960ల దాకా మన గిత్తలను ఓడలమీద తీసుకుపోయారు. ఆ ఓడలు ఎక్కించిన నెల్లూరు సీమ పేరే అక్కడ ‘నెలోర్’ అయింది. ఇవాళ బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా పశువులుంటే, మాంసానికి పెంచేవాటిలో పెద్దపాలు ఆ నెలోర్ రక్తమే.

ఆయన ఎంతో ప్రేమగా చెప్పాడు. తన తండ్రి ఆ ఎద్దుల గంగడోలు నిమిరేవాడని చెప్పాడు. ఆయన కళ్ళలో తడి చూశాను. మా తాతయ్యకూ అదే అలవాటు. ఒకే జాతి ఎద్దును మా తాత అరకకు కట్టాడు, ఆయన తండ్రి మాంసానికి పెంచాడు. ఇద్దరూ గంగడోలు నిమిరినవాళ్ళే.

మటన్ చాప్ వచ్చింది. చాప్ అంటే చిన్న ముక్క అనుకున్నాను. అది పళ్ళేనికి సరిపడా వుంది. నడుము భాగం ఎముకతో సహా అడ్డంగా కోసి, రెండంచులూ మీసాల్లా చుట్టుకునేలా కాల్చారు. పక్కన వేయించిన ఆకుకూర, పుదీనా జెల్లీ. కారం లేకపోయినా, పైన కరకర, లోపల వెన్న. మా ఆవిడకు మీగడలో వుడికించిన పాలకూర, వేయించిన బంగాళాదుంపలు. “పప్పు వెయ్యడం మరిచిపోయారు గాని, పాలకూర బాగానే వుంది” అని తీర్పు చెప్పింది. పెద్దాయన తన స్టేక్ తాను తిన్నాడు. మా అబ్బాయి మాత్రం సగం కూడా తినలేదు. మిగిలినదంతా పెట్టెలో కట్టి ఇచ్చారు. అక్కడ అది చిన్నతనం కాదు.

తిరుగు రైల్లో మా ఆవిడ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. చాలాసేపటికి వాడు, “కోపం వచ్చిందా నాన్నా?” అన్నాడు.

వచ్చిందని చెప్పవచ్చు. రాలేదనీ చెప్పవచ్చు. నేను వాడికి వేరే సంగతి చెప్పాను. మా తాతయ్యకు రాముడు, లక్ష్మణుడు అని ఒక జత ఎద్దులుండేవి. పన్నెండేళ్ళు అరక లాగాయి. పండక్కి వాటి కొమ్ములకు రంగు వేసిన చెయ్యి నాదే. 1966లో నన్ను ఒంగోలులో హైస్కూలులో చేర్చాలి. రాముడు అప్పటికే కుంటుతున్నాడు. ఒక తెల్లవారుజామున తాతయ్య వాణ్ణి సంతకు తోలుకుపోయాడు. సాయంత్రం పలుపుతాడు ఒక్కటే తెచ్చి గూటాన తగిలించాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు నాకు కొత్త చొక్కా, పుస్తకాలు వచ్చాయి.

“ఎవరికి అమ్మాడు?” అన్నాడు మా అబ్బాయి.

“సంతలో బేరగాడికి.”

“కుంటి ఎద్దును వాడేం చేసుకుంటాడు నాన్నా?”

“అడగలేదురా. తాతయ్యా అడగలేదు. చదువుకుని ఇంతవాణ్ణయి నేనూ అడగలేదు.”

రైలు ఏదో స్టేషనులో ఆగి మళ్ళీ కదిలింది. వాడు నెమ్మదిగా, వచ్చిన మూడో ఏడు మొదలుపెట్టానని చెప్పాడు. ఆఫీసువాళ్ళతో వెళ్ళినప్పుడు మొదట మొహమాటానికి, తరవాత ఇష్టానికి. “మీకు చెప్పలేకపోయాను. అదే బాధ, తిన్నందుకు కాదు” అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. కాని అబద్ధం ఆడలేదని సంతోషం కూడా కలిగింది.

“నేను మాత్రం తినను. నా ముందు తినకు. కాని నాకు చెప్పకుండా వుండకు” అన్నాను. వాడు నా చేతిమీద చెయ్యి వేశాడు. ఈసారి నేను అడగలేదు, వాడే వేశాడు.

మర్నాడు ఆదివారం. మా ఆవిడ ఆ పెట్టె తెరిచి, “అయ్యో, ఉప్పూ కారం లేకుండా ఎంత మాంసం పాడుచేశారు!” అని, ముక్కలు కోసి, ఉల్లిపాయ, పచ్చిమిరప, ఇంత ధనియాలపొడి వేసి బాండీలో వేయించింది. వేడి అన్నంలో గోంగూర పచ్చడితో కలిపి తిన్నాం. రాత్రి తినలేనివాడు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.