పన్నెండు గళ్ల కాగితం

"రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం?"

లెక్కల మాస్టారు బోర్డు మీద ఈ ప్రశ్న రాసి వెనక్కి తిరిగేలోపే ముందు బెంచీ నుంచి జవాబు వచ్చింది, "రెండు శాతం సార్" అని. వెనక బెంచీలో ఒకడు కిసుక్కున నవ్వాడు. "ఏరా, నవ్వావంటే తెలిసే ఉంటుంది, లేచి చెప్పు" అన్నారు మాస్టారు. వాడు లేచాడు. "నూటికి నెలకి రెండు సార్. ఏడాదికి ఇరవై నాలుగు. మా నాన్న నోటు రాసేటప్పుడు నేను పక్కనే ఉన్నా."

అది తొమ్మిదో తరగతి. వీళ్లంతా వడ్డీ లెక్కలు నిరుడే చదివారు. అసలు, కాలం, రేటు సూత్రం అడిగితే గడగడా అప్పచెబుతారు. కానీ పుస్తకంలో రేటు ఏడాదికి ఉంటుంది, ఊళ్లో రేటు నెలకు నడుస్తుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించిన వాళ్లు అంతవరకు లేరు.

చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు వెళ్తూ హైవే దిగితే వచ్చే నల్లరేగడి పల్లెల్లో ఒకటి ఈ ఊరు. ఊరి పేరు, పిల్లల పేర్లు రాయనని మాస్టారికి మాటిచ్చాను. ఇంటి అప్పులు బయటపడే తరగతి కదా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఈ చుట్టుపక్కల ఊళ్లు కొన్ని పల్నాడులోకి, కొన్ని బాపట్లలోకి వెళ్లాయి. పెద్దవాళ్ల నోట మాత్రం ఇంకా గుంటూరు జిల్లా, ప్రకాశం జిల్లాలే. నేను వెళ్లింది 2025 నవంబరులో, అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చి వెళ్లాక. పగిలిన పత్తి కాయల్లో దూది తడిసి నల్లబడింది. మిరప చేలు పూత మీద ఉన్నాయి.

శనివారం చివరి పీరియడ్‌లో ఈ మాస్టారు డబ్బు పాఠం చెబుతారని ఒక మిత్రుడు చెబితే వెళ్లాను. దీనికి వేరే పథకం లేదు, నిధులు లేవు. చార్టు కాగితాలు ఆయనే కొంటారు. బీరువాలో రిజర్వు బ్యాంకు పిల్లల కోసం వేసిన 'రాజు అండ్ ది మనీ ట్రీ' బొమ్మల పుస్తకం ఉంది. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం వాళ్ల కరపత్రాలూ ఉన్నాయి. ఆ కేంద్రం 2019లో దేశమంతటా చేసిన సర్వేలో డబ్బు విషయాలు సరిగా తెలిసినవాళ్లు నూటికి 27 మందే తేలారు. పుస్తకాలు బాగానే ఉన్నాయి కదా, వాటినే చెప్పొచ్చుగా అని అడిగాను.

"చెప్పి చూశానండీ" అన్నారాయన. "నెలకి వచ్చే డబ్బులో అవసరాలకు యాభై శాతం, సరదాలకు ముప్పై, పొదుపుకు ఇరవై అని ఒక సూత్రం ఉంది కదా. మా పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, సార్, నెల నెలా డబ్బు ఎవరికొస్తుంది అని."

ఆ సూత్రం ప్రచారంలోకి వచ్చింది అమెరికాలో. ఎలిజబెత్ వారెన్ తన కూతురితో కలిసి 2005లో రాసిన పుస్తకం దానికి మూలం. జీతగాళ్ల ఇళ్లకు చక్కగా పనికొస్తుంది. పత్తికి రెండు మూడు తీతలు, మిరపకు సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా కోతలు, మిగతా ఏడాదంతా ఖర్చులే ఉండే ఇంట్లో ఏ నెల డబ్బుని యాభై ముప్పై ఇరవైగా విడగొడతాం?

అందుకని ఆయన వేరే కాగితం తయారు చేశారు. పన్నెండు గళ్లు, ఒక్కో గడి ఒక్కో నెల. ఏడాది జనవరితో మొదలవదు, ఉగాదితోనూ కాదు. జూన్‌తో మొదలై మే నెలతో ముగుస్తుంది, విత్తనాలు కొనే నెల నుంచి చివరి మిర్చి టిక్కీ అమ్మే దాకా. ప్రతి గడిలో మూడు వరసలు: వచ్చేది, పోయేది, అప్పు. ఇంటికి పట్టుకెళ్లి అమ్మానాన్నలను అడిగి నింపుకురావాలి. మొదట్లో కొందరు తండ్రులు బడికి వచ్చి గొడవ పెట్టుకున్నారట, మా అప్పులతో మీకేం పని అని. ఇప్పుడు కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే.

పద్నాలుగో నంబరు కాగితం నా చేతికిచ్చారు. అది నింపిన అమ్మాయి అనుమతి అడిగే ఇచ్చారు. సొంతం రెండెకరాలు, కౌలు మూడు. జూన్ గడిలో పత్తి విత్తనం ప్యాకెట్టు 901 రూపాయల చొప్పున, మిరప విత్తనం, కౌలు ముందస్తు, ఇద్దరు పిల్లల పుస్తకాలు. వచ్చే వరసలో పిల్లల చదువు కోసం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఒక్కటే. 2025 జూన్ 12న బిడ్డకు 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడింది. బడి నిర్వహణకు పట్టుకున్న 2,000 కలిపితే లెక్క 15,000. ఆగస్టులో 7,000 అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి. ఆ తర్వాత డిసెంబరు దాకా వచ్చే వరస ఖాళీ. పోయే వరసలో మాత్రం ఎరువులు, పురుగుమందులు, కలుపు కూలీలు, ట్రాక్టరు.

పన్నెండు గళ్లలోనూ నిండి ఉన్న వరస ఒక్కటే, అమ్మ డ్వాక్రా కిస్తీ. బ్యాంకు అప్పు ఇస్తుంది, మంచిదే. కానీ కిస్తీ నెల నెలా కట్టాలి, రాబడి ఏడాదికి రెండుసార్లు. మధ్య నెలల్లో కిస్తీ కోసం చేబదులు తెస్తారు. అంటే తక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి ఎక్కువ వడ్డీ అప్పు. వారం వారం కిస్తీల మైక్రో ఫైనాన్సు ఎక్కడికి దారితీసిందో ఈ రాష్ట్రం చూసింది, 2010 అక్టోబరులో ఏకంగా ఆర్డినెన్సే తేవలసి వచ్చింది. ఆ అమ్మాయి కాగితం చూశాక నాకు అర్థమైంది, తప్పు పొదుపు చేయకపోవడంలో లేదు, కిస్తీకీ పంటకీ కాలం కలవకపోవడంలో ఉంది.

తల్లికి వందనం డబ్బు దగ్గర తరగతి ఒక్క క్షణం ఆగింది. ఒక అబ్బాయి తలొంచుకుని, "సార్, మావి విత్తనాలకు పోయాయి. చదువు ఖర్చు అని రాయనా?" అన్నాడు.

"అబద్ధం ఎందుకు రాస్తావు? విత్తనాలకనే రాయి. పక్కన ఇంకో మాట రాయి, పొలం చదువుకు 13,000 బాకీ అని. మార్చిలో కాయలు అమ్మాక ఆ బాకీ తీరిందో లేదో నాన్నని అడుగు. వడ్డీ వద్దులే."

పిల్లలు నవ్వారు గానీ ఈ మాట నాకు బాగా నచ్చింది. ఇంట్లో ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పోయిన డబ్బుకు లెక్క ఉండదు, ఇంటర్మీడియట్ ఫీజు కట్టే రోజు వచ్చేదాకా.

ఆ తర్వాత మళ్లీ వడ్డీ దగ్గరకొచ్చారు. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. మూడేళ్లు నిండకముందే తిరగరాయకపోతే కోర్టులో చెల్లదు కాబట్టి అప్పిచ్చినాయన గడువు దగ్గర పడగానే వస్తాడు. తిరగరాసేటప్పుడు వడ్డీ అసలులో కలుస్తుంది. మాస్టారు లెక్క వేయించారు. లక్ష రూపాయలు, రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లకు వడ్డీ 72,000. కొత్త నోటు 1,72,000కి. ఇంకో మూడేళ్లకు దాని మీద వడ్డీ 1,23,840. ఆరేళ్లకు బాకీ 2,95,840. నోటు మీద రాసింది బారువడ్డీయే, కానీ మూడేళ్లకోసారి చక్రవడ్డీ అవుతుంది. తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బోర్డు మీద పక్కనే కిసాన్ క్రెడిట్ కార్డు లెక్క రాశారు. మూడు లక్షల దాకా పంట అప్పు, వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే రాయితీ పోను 4 శాతం. లక్షకు ఏడాదికి 4,000. రెండు రూపాయల వడ్డీకైతే 24,000.

"మరి అందరూ బ్యాంకులోనే తెచ్చుకోవచ్చుగా సార్?" అని అడిగిందో అమ్మాయి. జవాబు మాస్టారి కంటే ముందు పద్నాలుగో నంబరు అమ్మాయి చెప్పింది. "కౌలు చేలకు కాగితం ఉండాలి. పొలం గలాయన సంతకం పెట్టడు."

2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకు సాగు హక్కు కార్డు ఇస్తారు, కానీ యజమాని సంతకం ఉంటేనే. ఈ ప్రాంతంలో కౌలు సేద్యం ఎంతుందో తెలిసినవాళ్లకు ఈ ఒక్క షరతు బరువేమిటో చెప్పనక్కర్లేదు. పద్నాలుగేళ్ల పిల్లకు అది కంఠతా ఉంది.

పత్తి లెక్క కొంచెం హుషారుగా సాగింది. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలు 8,110. అది 8 శాతం తేమ దాకా. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. తుపాను తర్వాత ఈ లెక్క ప్రతి ఇంట్లోనూ మోగుతోంది. 12 శాతం తేమకు ఎంతొస్తుందో చెప్పమంటే 7,785 రూపాయల 60 పైసలని ముగ్గురు ఒకేసారి అరిచారు. "రెండు రోజులు ఎండబెడితే క్వింటాలుకి మూడు వందలు మిగిలినట్టేగా సార్" అన్నాడొకడు. "ఎండబెడితే బరువు కూడా తగ్గుద్దిరా" అన్నాడు పక్కవాడు. ఆ తగాదా గంట కొట్టేదాకా తేలలేదు. ఏ శిక్షణ పుస్తకంలోనూ లేని పాఠం ఇది.

మాస్టారు ఏటా ఫిబ్రవరిలో పిల్లల్ని గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్తారట. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్టని పేరున్న యార్డు. ఘాటుకు తుమ్ముతూ దగ్గుతూ కమీషన్ కొట్ల మధ్య తిరుగుతారు. తేజ ఏదో, బాడిగ ఏదో, తాలు కాయల ధర ఎంతలా పడిపోతుందో చూస్తారు. వాళ్లకు ఇచ్చే పని ఒకటే, అమ్మకం పట్టీ చదవడం. కాటా ఎంత, కమీషన్ ఎంత, కూలి ఎంత, చేతికొచ్చింది ఎంత. మార్కెట్ సెస్సు 1966 చట్టం ప్రకారం కొనేవాడు కట్టేది, అమ్మేవాడు కాదు అన్న సంగతి చాలామంది తండ్రులకు పిల్లలే చెప్పారని ఆయన కొంచెం గర్వంగానే అన్నారు.

పిల్లల సొంత డబ్బు గురించి తక్కువే మాట్లాడుకున్నారు. ఆదివారాలు పత్తి తీతకు వెళ్లేవాళ్లు సగం మంది. ఆ డబ్బు కొంత ఇంట్లోకి, కొంత రీచార్జికి. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకునేలా బ్యాంకులు అనుమతించవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది, 2025 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది. తరగతిలో అలాంటి ఖాతా ఉన్నది ఇద్దరికే. ఫోన్లో పందేల ఆటల సంగతి ఎత్తగానే కొందరు నేల చూపులు చూశారు. రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా ఎలా ఆడతారో వాళ్లకు తెలుసని ఆ చూపులే చెప్పాయి.

గంట కొట్టబోతుండగా వెనక బెంచీ కుర్రాడే మళ్లీ లేచాడు. రెండేళ్ల కిందట మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటినప్పుడు వాళ్ల నాన్న ఇంకో ఎకరం కౌలుకు తీసుకుని మిరప వేశాడు. 2025 ఫిబ్రవరికి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద 11,781 ఖరారు చేయాల్సి వచ్చింది. "లెక్క సరిగ్గా వేసుకుంటే నష్టం రాదా సార్?"

"రాదని నేను చెప్పను. ఎంత నష్టం వస్తే తట్టుకోగలమో ముందే తెలుస్తుంది. అంతవరకే" అన్నారు మాస్టారు.

ఆ జవాబు నిజాయితీ గలది. డబ్బు పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది ఇక్కడే తప్పుతారు. అప్పులపాలైనవాడు లెక్క తెలియక చెడ్డాడన్న ధోరణి వాళ్ల మాటల్లో ఎప్పుడూ ఉంటుంది. 1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసినప్పుడు ప్రాణాలు తీసుకున్న రైతుల్లో లెక్కలు తెలిసినవాళ్లు లేకపోలేదు. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటల మీద పడినప్పుడూ అంతే. బడ్జెట్ వేసుకోవడం పురుగును ఆపదు, ధరను నిలబెట్టదు. పన్నెండు గళ్లు నింపిన పిల్లవాడు తండ్రిని తప్పుపట్టడం నేర్చుకుంటే ఈ పాఠం దండగ. ఈ తరగతిలో అది జరగలేదు. తండ్రి ఏ నెలలో ఎందుకు చెయ్యి చాచాడో పిల్లలకు గళ్లలో కనబడుతోంది.

బ్యాంకుల వాళ్లకు ఒక మనవి. ఆర్థిక అక్షరాస్యతా వారం పేరుతో కొన్నేళ్లుగా ఫిబ్రవరిలో బ్యానర్లు పట్టుకుని బడులకు వస్తున్నారు. ఫిబ్రవరిలో మా ఊళ్లలో సగం ఇళ్లు కోతల్లో ఉంటాయి, ఆ ఏటి అప్పు అప్పటికే పుట్టి పెరిగి ఉంటుంది. విత్తనం కొనేది, కౌలు కట్టేది, నోటు రాసేది జూన్‌లో. బడులు తెరిచేదీ అప్పుడే. 2017లో రిజర్వు బ్యాంకు ఈ వారాన్ని మొట్టమొదట జరిపింది కూడా జూన్ నెలలోనే. ఈ జిల్లాల వరకైనా మళ్లీ జూన్‌లోనే రండి. వచ్చేటప్పుడు కిసాన్ క్రెడిట్ కార్డు దరఖాస్తులు, పదేళ్లు దాటిన పిల్లల ఖాతా ఫారాలు వెంట తెండి.