చూపు వెళ్ళే దారి

తెలుగు పాఠం చెప్పేవాడు వీడియో ఆటల గూర్చి వ్రాయడమేమిటని మా విద్యార్థులు నవ్వుకోవచ్చు. ఛందస్సు గూర్చి ఏదైనా వ్రాయరాదా అని సంచిక పని చూచే మిత్రులొకరు అడిగారు కూడా. కాని కొంతకాలంగా ఒక చిన్న విషయం నా మనస్సును పట్టుకొని ఉన్నది. తెరమీది బొమ్మ ఎటు వెళ్ళబోతున్నదో చూచేవానికి ఎట్లా తెలుస్తుంది?

ఈ ప్రశ్న నాకు మొదటిసారి ఎదురైంది 1998 వేసవిలో, ప్రొద్దుటూరులోని మా నానీ ఇంట్లో. మామూజాన్ పిల్లలకోసం ఒక వీడియో గేమ్ పెట్టె కొని తెచ్చారు. జపానులో 1983లో వెలువడిన ఫామికామ్ అనే యంత్రానికి అది చవక నకలని చాలా ఏళ్ళ తరువాత తెలుసుకొన్నాను. దానిని తగిలించిన టీవీ మాత్రం నలుపు తెలుపుది. క్యాసెట్టులోని ఆటలన్నింటిలోను మాకు ఇష్టమైనది ప్యాక్‌మన్.

1980లో నామ్‌కో సంస్థ వెలువరించిన ఈ ఆటను తోరు ఇవతాని రూపొందించారు. చిక్కు దారులలో ఒక గుండ్రని బొమ్మ చుక్కలను తింటూ పోతుంది. నాలుగు దయ్యాలు దానిని తరుముతాయి. ఎరుపు, గులాబి, లేత నీలం, నారింజ రంగులవి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క స్వభావం. మా టీవీలో ఆ నాలుగూ బూడిదరంగే. ఏది ఏదో తెలియక నేను నిమిషానికొకసారి ఓడిపోయేవాణ్ణి. మంచంమీద కూర్చుని తస్బీహ్ త్రిప్పుకొంటున్న నానీ ఒకనాడు విసుగెత్తి, "ఆంఖాఁ దేఖ్ రే, ఆంఖాఁ!" అన్నది.

అప్పుడు చూచాను. దయ్యానికి కాళ్ళు లేవు, చేతులు లేవు, వీపు ఏదో పొట్ట ఏదో తెలియదు. ఉన్నవి రెండు తెల్లని కళ్ళు, వాటిలో కదిలే గ్రుడ్లు. అది ఎడమకు పోవాలంటే గ్రుడ్లు ఎడమకు జరుగుతాయి. పైకి పోవాలంటే పైకి. మలుపుకు అరక్షణం ముందే దాని నిర్ణయం జరిగిపోతుంది. చూపు ముందు తిరుగుతుంది, దేహం తరువాత తిరుగుతుంది. కొన్ని చుక్కల జాగాలో ఇంత చెప్పిన చిత్రకారుని నేర్పు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గులాబి దయ్యం మరీ గడుసుది. అది మన బొమ్మ ఉన్నచోటికి రాదు. బొమ్మ ముఖం ఎటున్నదో చూచి, దానికి నాలుగు గడుల ముందుకు గురిపెడుతుంది. దానికి ఎదురుగా ముఖం త్రిప్పితే ఒక్కొక్కప్పుడు అదే ప్రక్కదారి పట్టిపోతుంది. మేము దాని చూపు చదువుతూ ఉంటే అది మా ముఖం చదువుతూ ఉండేదన్నమాట! పెద్ద చుక్కను తిన్నామా, దయ్యాలన్నీ నీలిరంగుకు మారి పారిపోతాయి. అప్పుడు వాటి కళ్ళకు దిక్కు ఉండదు. ఏ మలుపులో ఎటు తిరిగేదీ ఊహకు అందదు. వాటిని మ్రింగితే కళ్ళు మాత్రం మిగిలి, దారి చూచుకొంటూ నడిమి గూటికి చేరుకొంటాయి.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో పద్ధతి వేరు. మారియో తెర ఎడమ భాగంలో కుడివైపు ముఖంతో నిలిచి ఉంటాడు. ఎదురుగా ఖాళీ స్థలం. ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ముందుకు జరిగిన తెర మరల వెనుకకు రాదు. పరుగులో హఠాత్తుగా వెనుదిరిగితే ముఖం ఎడమకు తిరుగుతుంది గాని దేహం కొంచెంసేపు కుడికే జారుతుంది.

కుడికే ఎందుకు? మన ఈ సంచికలో తెలుగు రచనలు ఒక అట్టనుండి, ఉర్దూ రచనలు రెండవ అట్టనుండి మొదలై నడుమ కలుసుకొంటాయి. తెలుగు చదివే కంటికి ముందు అంటే కుడి. ఉర్దూ చదివే కంటికి ఎడమ. కనుక లిపియే దిక్కును నిర్ణయిస్తుందని తరగతిలో ఒకసారి గట్టిగా వాదించాను. అది తొందరపాటు. మారియోను సృష్టించిన జపానువారి నిలువు వ్రాతలో వరుసలు కుడినుండి ఎడమకు సాగుతాయి; వారి బొమ్మల కథల పుస్తకాలు కూడా అట్లాగే తెరుచుకొంటాయి. అయినా మారియో కుడికే పరుగెత్తాడు. ఉర్దూ మాధ్యమంలో చదివిన మా తమ్ముడు కూడా ఆ ఆటలో క్షణమైనా తడబడలేదు. ముఖం ఎటో, ఖాళీ ఎటో చూచుకొన్నాడు, అంతే.

2011లో నానీకి పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు, మాట పడిపోయాయి. మిగిలినవి కళ్ళు. కూజావైపు చూస్తే నీళ్ళు, తలుపువైపు చూస్తే మామూజాన్‌ను పిలవమని. కాని మందులు ఇవ్వడానికి వీలుగా మంచం జరిపిన నాటినుండి, ఆమె మాటిమాటికి తల వెనుకనున్న గోడవైపు కళ్ళు ఎత్తసాగింది. ఆ గోడకు ఉన్నది ట్యూబ్‌లైటు ఒక్కటే. వెలుగు ఎక్కువైందేమోనని అమ్మీ దానిని ఆర్పింది. ఉక్కపోస్తున్నదేమోనని ఫ్యాను వేగం పెంచారు. నానీ కళ్ళవెంట నీరు కారితే, నొప్పి అనుకొని డాక్టరుగారిని పిలిపించారు. నేను విశ్వవిద్యాలయం నుండి సెలవుకు వచ్చి మూడు రోజులైనా నాకూ ఏమీ తోచలేదు.

నాలుగవ రోజు అస్ర్ అజాన్ వినిపించింది. నానీ కళ్ళు మరల పైకి, వెనుకకు వెళ్ళాయి. ఆ గోడ పడమటిది. మంచం జరపడంతో ఆమె తల కిబ్లావైపుకు, ముఖం తూర్పుకు వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో ఎవ్వరమూ గమనించలేదు.

నలుగురం మంచం పట్టి త్రిప్పాము. తల ఉత్తరానికి ఉంచి, ముఖం పడమటికి ఒత్తిగిల్లేట్టు దిండ్లు సర్దాము. నానీ చాలాసేపు ఆ గోడనే చూస్తూ ఉండిపోయింది. చీకటి పడిన తరువాత ఆమె కళ్ళు మెల్లగా కూజావైపు జరిగాయి. ఈసారి నీళ్ళకోసమే.