ఫ్లషింగ్‌లో పుల్లటి చేపల చారు

2024 జనవరి 13, శనివారం

రేపు భోగి. న్యూయార్క్‌లో మా ఫ్లషింగ్ గుడి కిటకిటలాడింది. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్‌లో దోసెల వరస చూసి మావారు "పద, పుల్లచారు తాగుదాం" అన్నారు. బౌన్ స్ట్రీట్ నుంచి మెయిన్ స్ట్రీట్ వెనక సందుకి నడిచేసరికి చెవులు కొయ్యబారాయి. మేం ఎప్పుడూ వెళ్లే చైనా హోటల్ తలుపు తీయగానే ముందు తగిలేది పులిసిన టమాటా వాసన, ఆ వెనకే కాలిన మిరపకాయ ఘాటు.

బోర్డు మీద పేరు చైనీస్‌లోనే ఉంటుంది. అద్దానికి ఆరోగ్యశాఖ వాళ్లు ఇచ్చిన నీలం రంగు 'ఏ' అట్ట. లోపల కాసిని బల్లలు, గోడ నిండా ఎర్ర కాగితపు పట్టీలు. ఈ వారం ఏం వండుతున్నారో, ఎంతో, చేత్తో రాసి అంటిస్తారు. మెనూ కార్డు ఉంది గానీ తెలిసినవాళ్లు దాన్ని తెరవరు, గోడ చూసి చెప్తారు. మాకు ఆ లిపి రాదు కాబట్టి హోటల్ ఆవిడే వచ్చి ఒక్కో పట్టీ చదివి చెప్తుంది. ఆవిడది ఫుజియన్ రాష్ట్రం, ఫూజో ఊరు. ఆవిడ భర్తది గ్వీజో రాష్ట్రం, వంట ఆయనే చేస్తాడు. గల్లా ఆవిడది, పొయ్యి ఆయనది. గిన్నెలూ బల్లలూ చూసుకోవడానికి ఒక కుర్రాడు.

చారు పెద్ద గిన్నెలో, కింద చిన్న మంటతో సహా బల్ల మీదికి వచ్చింది. ఎర్రగా ఉంది గానీ నూనె తేలడం లేదు. పులుపు నాలుకని పొడవదు, మెల్లగా వచ్చి నిలబడుతుంది. పైన నాలుగు చుక్కలు ముజియాంగ్‌జి అనే అడవి కాయల నూనె. నిమ్మగడ్డి, నిమ్మతొక్క కలిపి నలిపితే వచ్చే వాసన. పక్కన చిన్న గిన్నెలో నిప్పుల మీద కాల్చి నలిపిన మిరప్పొడి, ఉల్లికాడలు, పులియబెట్టిన టోఫూ ముక్క. అందులో గరిటెడు చారు పోసుకుని, చేపముక్క ముంచుకుని తినాలి. చేప తెల్లగా, మెత్తగా, ముల్లు లేకుండా ఉంది. ఆ కారం గిన్నెలో కలిపే, నీచు వాసన వచ్చే ఒక వేరు ముక్కలు మాత్రం మావారికి పడవు, ఏరి నాకు పెట్టేస్తారు. నాకు అవే ఇష్టం.

ఇద్దరం తిన్నాం, అన్నం అడిగినంత పెట్టారు, 22 డాలర్లు.

జనవరి 16, మంగళవారం

మొన్న హోటల్ వంటగది తలుపు తెరిచి ఉంటే చారు పులుపు పెట్టే జాడీలు కనిపించాయి. మూతి చుట్టూ చిన్న కాలువ, అందులో నీళ్లు, ఆ నీళ్లలో మునిగేలా బోర్లించిన గిన్నె. లోపలి గాలి బుడగలు కట్టుకుంటూ బయటికి పోగలదు, బయటి గాలి లోపలికి రాలేదు. ఎంత తేలికైన ఏర్పాటు! రబ్బరు లేదు, మర లేదు, మట్టీ నీళ్లే.

గ్వీజోలో, ముఖ్యంగా కైలీ చుట్టుపక్కల మియావ్, డోంగ్ ప్రజల ఇళ్లలో ఈ పులుపు రెండు రకాలు. తెల్లది బియ్యం కడుగు నీళ్లు పులియబెట్టినది. ఎర్రది చిన్న నాటు టమాటాలు, మిరపకాయలు ఉప్పుతో జాడీలో మగ్గినది. పాతదాన్ని పూర్తిగా తీసెయ్యరు, దాని మీదే కొత్తది పోస్తారు. మా అమ్మమ్మ తరవాణి కుండ సరిగ్గా ఇలాగే నడిచేది. గంజీ, కడుగూ పోస్తూ ఉండేది, కుండ అడుగు ఎప్పుడూ చూపించేది కాదు. గోదావరి పక్క ఊళ్లోనూ, వేల మైళ్ల అవతల కొండల్లోనూ అన్నం తినేవాళ్లు బియ్యం కడుగు నీళ్లు పారబోయలేకపోయారు.

గ్వీజో గురించి చైనాలో ఒక పాత మాట ఉంది: మూడు రోజులు వరసగా ఎండ కాయదు, మూడడుగులు చదునైన నేల ఉండదు, మనిషి దగ్గర మూడు కాసుల వెండి ఉండదు. అంతా సున్నపురాతి కొండలు. సముద్రం లేదు, సొంత ఉప్పు లేదు. సిచువాన్ ఉప్పు బావుల నుంచి పడవల మీదా, మనుషుల వీపుల మీదా మోసుకొచ్చిన ఉప్పు పేదవాడికి అందేది కాదు. మిరప అమెరికా ఖండాల నుంచి చైనా తీరానికి 16వ శతాబ్దం చివర్లో చేరింది. 1591లో హాంగ్జో రచయిత గావ్ లియన్ దాన్ని చూడముచ్చటైన మొక్కగా రాసిపెట్టాడు, తినేదిగా కాదు. తినడం గురించి తొలి జాడల్లో ఒకటి గ్వీజోది. కాంగ్షీ చక్రవర్తి కాలంలో, 18వ శతాబ్దం తొలినాళ్లలో, అక్కడివాళ్లు ఉప్పుకి బదులు మిరప వాడుతున్నారని ఒక జిల్లా చరిత్రలో నమోదైంది.

ఉప్పు లేని చోట నోటికి ఇంకేం దొరుకుతుంది? పులుపు, కారం. మూడు రోజులు పులుపు తినకపోతే నడక తూలుతుందని ఇప్పటికీ అక్కడ అంటారు. శనివారం మేం మెచ్చుకుంటూ తిన్న రుచి వెనక ఉన్నది ఎవరి విలాసమూ కాదు. లేమిలో ఉన్నవాళ్లు బుర్ర పెట్టి సాధించుకున్నది. ఇది తలుచుకుంటే ఆ గిన్నె మీద గౌరవం పెరుగుతోంది.

జనవరి 27, శనివారం

ఎడిసన్ నుంచి పెద్ద వదినగారు వచ్చారు. ఆ పుల్లచారు హోటల్‌కే తీసుకెళ్లాను. ఫూజో చేప ఉండలు చెప్పాను. లోపల పంది కీమా పెట్టి గుండ్రంగా చేసే ఆ ఉండలు అసలు తేటచారులో వేస్తారు, అది ఆవిడ పుట్టింటి వంట. ఇక్కడ వంటాయన వాటిని తన ఎర్ర పుల్లచారులో ఉడికిస్తాడు. సముద్రపు ఒడ్డు వంటా, సముద్రం చూడని కొండల వంటా ఒకే గిన్నెలో. ఇది ఫూజోలోనూ దొరకదు, కైలీలోనూ దొరకదు. ఒక మొగుడూ పెళ్లాం ఫ్లషింగ్‌లో ఒక పొయ్యి దగ్గర నిలబడితేనే పుట్టింది.

వదినగారు బాగానే తిన్నారు. బిల్లు చూసి మాత్రం "ఏంటమ్మా, చైనా హోటల్లో ఇంతా? నువ్వు అలవాటు చేశావు వీళ్లకి" అన్నారు. పోయిన నెల మన్‌హాటన్‌లో మా అబ్బాయి తీసుకెళ్తే ఒక్క ప్లేటు పాస్తా 28 డాలర్లు. అప్పుడు ఆవిడ పింగాణీ బాగుందన్నారు. నేను అక్కడే అన్నాను: "వదినగారూ, పిండీ నీళ్లూ కలిపి చేసినదానికి అంత ఇచ్చాం. వారాల తరబడి జాడీలో మగ్గినదానికి ఇది ఎక్కువెలా అవుతుంది?" ఆవిడ నవ్వి ఊరుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

న్యూయార్క్ యూనివర్సిటీలో ఆహారం గురించి పాఠం చెప్పే కృష్ణేందు రే 2016లో 'ది ఎత్నిక్ రెస్టారేటర్' అని పుస్తకం రాశారు. ఆయన వాదన నాకు ఎప్పుడూ మనసులో మెదులుతుంది: ఒక దేశపు వంటకి ఈ ఊళ్లో పలికే ధర, ఆ దేశం నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ ఉన్న హోదాని బట్టి ఉంటుంది. ఇటలీ నుంచి పేదవాళ్లు ఓడలెక్కి వచ్చినన్నాళ్లు వాళ్ల వంటా చవకే. ఆ వలస తగ్గి, వాళ్ల పిల్లలు పైకొచ్చాక పాస్తా ధరా పైకొచ్చింది. చైనా వంట, మన వంట, మెక్సికో వంట చవకగానే ఉండాలని జనం ఇంకా అనుకుంటున్నారు. మన ఇడ్లీకి పన్నెండు డాలర్లు పెడితే మనవాళ్లే ముందు గొడవ చేస్తారు కదా.

అమెరికాలో చైనా హోటళ్లు ఇన్ని ఎందుకు పుట్టాయన్న దాని వెనక కూడా గాయం ఉంది. 1882 చట్టం చైనా కూలీల రాకని ఆపేసింది. వ్యాపారులకి మాత్రం దారి ఉంది. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటల్ యజమానులూ వ్యాపారుల కిందికి వచ్చారు. దాంతో బంధువులు డబ్బు పోగేసి హోటల్ పెట్టడం, వంతుల వారీగా మేనేజరు కావడం, ఆ హోదాతో సొంత ఊరెళ్లి తమ మనిషిని తెచ్చుకోవడం మొదలుపెట్టారు. 1943 దాకా ఆ చట్టం ఉంది. భార్యాబిడ్డల్ని చూసుకోవడానికి వంట నేర్చుకున్నవాళ్లు వాళ్లు. అలాంటి చరిత్ర ఉన్న తిండిని చవకబారు అనడం నేను ఒప్పుకోను.

ఫిబ్రవరి 9, శుక్రవారం

పండక్కి హోటల్ మూసేశారు. రేపటి నుంచి వాళ్లకి డ్రాగన్ ఏడాది. మెయిన్ స్ట్రీట్ అంతా నారింజల పెట్టెలు, కుంకుమ రంగు కవర్లు. మందుల షాపులో నా డ్యూటీ పొద్దుపోయేదాకా సాగింది. అందరికీ దగ్గు మందే కావాలి.

మార్చి 5, మంగళవారం

పటేల్ బ్రదర్స్ కొట్లో గోంగూర కట్టలు వచ్చాయి. రెండు కొని, ఒకటి వంటాయనకి ఇచ్చాను. మధ్యాహ్నం మూడింటికి జనం ఉండరు. ఆయన ఆకు తుంచి నమిలాడు. ఇంకోటి నమిలాడు. బాణలిలో కాస్త నూనె వేసి మగ్గబెట్టి చూశాడు. చారులో వేస్తాడని నేను అనుకున్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మా మధ్య ఇంగ్లీషులో చెప్పింది: "ఇది ఆకు పులుపు, వెంటనే వచ్చి వెంటనే పోతుంది. మా చారుది జాడీ పులుపు. రెండూ కలిస్తే రెండూ పాడు అంటున్నాడు."

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. కొత్తది చేతికి దొరికిందని అన్నిట్లోనూ కలిపేసేవాళ్లని చూశాను. ఆకుని ఎక్కడ వాడకూడదో ఆయన ముందు తేల్చుకున్నాడు.

తర్వాత రోలు ముందుకి లాక్కున్నాడు. నిజంగా రాతి రోలే. నానబెట్టిన ఎండుమిరపకాయలు, అల్లం, వెల్లుల్లి వేసి బంకలా సాగేదాకా దంచుతాడు. గ్వీజో కోడికూరకి ఇదే ప్రాణం. మిక్సీ ఉంది, ఉల్లిపాయలకి వాడతాడు, దీనికి వాడడు. ముద్దలోంచి కొంచెం తీసి, ఉడికించి చిదిమిన బంగాళాదుంపతో వేయించి, చివర్లో గోంగూర చేర్చి నాకు పెట్టాడు. గ్వీజో కొండల్లో బంగాళాదుంప బాగా తింటారట, వాళ్ల ఊళ్లో సంతల్లో కాల్చి అమ్ముతారట. దుంప తీపిని గోంగూర కోసింది, కారం వెనక నుంచి పట్టింది. నేను ప్లేటు ఖాళీ చేసేదాకా ఆయన నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

మిరపకాయలు ఎక్కడివని అడిగాను. ఆవిడ ఒక సంచీ చూపించి గ్వీజోవే అంది. గుంటూరు, ఖమ్మం యార్డుల నుంచి తేజ రకం ఎండుమిర్చిని అందరికంటే ఎక్కువ కొనేది చైనాయేనని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఫోనులో చూపించాను. లోపలికి వెళ్లి భర్తకి గట్టిగా ఏదో చెప్పింది. ఆయన గరిటె పట్టుకునే బయటికి వచ్చి నాకు బొటనవేలు చూపించాడు.

మార్చి 19, మంగళవారం

గోడ మీద కొత్త పట్టీ. దుంపా, పుల్లాకూ, 9 డాలర్లు. ఆకు దొరికిన వారమే అని కింద రాసి ఉందట.

ఇలాంటి చోటు మన్‌హాటన్‌లో నిలబడగలదా అని దారంతా ఆలోచించాను. కష్టం. ఫ్లషింగ్‌లో వీలైంది, ఎందుకంటే ఇక్కడ వండేవాడికి తన భాష తెలిసిన తినేవాళ్లు ముందు దొరుకుతారు. 1970లలో తైవాన్ వాళ్లు వచ్చారు. మన్‌హాటన్ చైనాటౌన్‌లో వినిపించే కాంటనీస్ వాళ్ల భాష కాదు, అందుకని ఏడో నంబరు రైలు ఆఖరి స్టేషన్ దగ్గర దిగిపోయారు. ఆ తర్వాత ఈశాన్య చైనా వాళ్లు, వెన్జో వాళ్లు, ఫుజియన్ వాళ్లు. మన గుడి కూడా ఆ దశకపుదే, 1977లో కుంభాభిషేకం అయింది, శిల్పాలకి తిరుమల దేవస్థానం సాయం చేసింది. అద్దెలు తక్కువ ఉన్న రోజుల్లో అందరం ఒక చోటే చేరాం.

2000ల మధ్యలో ఇక్కడి గోల్డెన్ షాపింగ్ మాల్ నేలమాళిగలో డేవిడ్ షీ అనే ఆయన ఒక చిన్న కొట్టులో తన షియాన్ ఊరి వంట అమ్మేవారు. లియాంగ్‌పీ అనే చల్లటి నూడుల్స్, జీలకర్ర వేసిన గొర్రెమాంసం బర్గర్, చేత్తో సాగదీసి చింపే వెడల్పాటి నూడుల్స్. అదే షియాన్ ఫేమస్ ఫుడ్స్ అయి నగరమంతా పాకింది. ఆయన మొదట వండింది ఊరు విడిచి వచ్చిన తనలాంటివాళ్ల కోసం. మిగతా నగరం తర్వాత వెతుక్కుంటూ వచ్చింది. ఒక ప్రాంతపు వంట బతకాలంటే ఈ వరస ముఖ్యమని నా నమ్మకం. బయటివాళ్ల కోసమే మొదలుపెడితే కారం మొదటి రోజే తగ్గిపోతుంది, పులుపు బదులు పంచదార వస్తుంది. ఆ మధ్య మరో చోట 'గ్వీజో చేప' అని పెడితే తిన్నాను. సీసా వెనిగర్, టమాటా సాస్. ముప్పై డాలర్లు.

ఏప్రిల్ 6, శనివారం

చేపల చారు పట్టీ మీద 22 కొట్టేసి 25 రాశారు. ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి, నేను అడక్కుండానే, తప్పు చేసినట్టు చెప్పుకొచ్చింది: చేప పెరిగింది, అద్దె పెరిగింది, కుర్రాడికి జీతం పెంచాలి. ముసలాయన ఒకరు, రోజూ వచ్చేవారు, మూడు డాలర్లకి విసుక్కుని వెళ్లిపోయారట. అది చెప్తుంటే ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి.

ఈ ధర ముందే పెంచాల్సిందని అన్నాను, మనస్ఫూర్తిగా. ముసలాయన కోపమూ నాకు అర్థమవుతుంది, పింఛను మీద బతికే మనిషికి మూడు డాలర్లు చిన్నవి కావు. ఆయనలాంటి వాళ్ల కోసమే మధ్యాహ్నం నూడుల్స్ గిన్నె 11 దగ్గరే ఉంచామని ఆవిడ చెప్పింది. పెంచాల్సినది మా బోటి జీతగాళ్లు తినే గిన్నె మీద పెంచింది. అంత ఆలోచన పెట్టిన లెక్క అది. మావారు ఎప్పటికంటే ఎక్కువ టిప్పు పెట్టారు. ఆవిడ అందులో సగం కుర్రాడి జేబులో కుక్కడం చూశాను.

సాయంత్రం వదినగారి ఫోను. ఎల్లుండి గ్రహణం విడుపు స్నానం ఎన్నింటికని మొదలుపెట్టి, చివరికి ఆ గోంగూర దుంపల సంగతి అడిగారు. 25 డాలర్ల మాట చెప్తే మళ్లీ అదే పాట. వాదించాను, ఇంకా వాదిస్తాను. కానీ వచ్చే శనివారం దుంపలు రెండు పొట్లాలు, చారు ఒకటి కట్టించి తెమ్మన్నారు. చారు ఎడిసన్ దాకా పాడవకుండా వస్తుందా అని వెంటనే హోటల్‌కి ఫోన్ చేసి అడిగాను. చారు వేరే, చేప వేరే కట్టమంది ఆవిడ. చారులో వేసే మొలకలు అసలు వేయొద్దు, దారిలో మెత్తబడతాయి, ఇంటికెళ్లాక పచ్చివి వేసుకుని ఒక్క పొంగు రానిస్తే చాలంది.