వెండి కరిగిన యింట్లో కరగని వెండి!

వెండితెర అంటే ప్రాణం పెట్టే కుర్రకారుకి అసలు వెండి ఊరు ఒకటి చూపించాలి. అది నార్వేలో వుంది. ఓస్లోకి నైరుతిగా సుమారు 80 కిలోమీటర్లు వెళ్తే కోంగ్స్‌బర్గ్. రాజుగారి కొండ అని అర్థం. ఊరి నడుమ లోగెన్ నది బండలమీంచి దూకుతూ పోతుంది. ఆ నది దగ్గరే 1844 నాటి సర్కారువారి కట్టడం. గని వెండిని కరిగించిన కొలిమి యిల్లు!

కథ 1623లో మొదలైంది. హెల్గా, యాకోబ్ అని పశువులు కాసే పిల్లలిద్దరు. వాళ్ళ ఎద్దు కొమ్ముతో బండని గీరితే తళుక్కుమందట! తండ్రి ఆ ముక్కని గుట్టుగా కరిగించి అమ్మబోయి దొరికిపోయాడట. ఇది జనం చెప్పుకునే మాట. మరుసటేడే రాజు నాలుగో క్రిస్టియన్ స్వయంగా వచ్చి ఊరికి పునాది వేశాడన్నది మాత్రం చరిత్ర. 1686లో టంకశాల కూడా వచ్చింది. 1770 నాటికి గనులమీద బతికే పనివాళ్ళు దాదాపు 4,000 మంది!

ఆ పని మాటలా? బండకి ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళు. వేడికి రాయి పగిలితే తవ్వుకునేవాళ్ళు. అలా తవ్విన ముడి ఖనిజం కొలిమికి చేరేది. సీసంతో కలిపి కరిగిస్తే వెండి సీసంలో కలుస్తుంది. ఆ తర్వాత సీసాన్ని విడగొడితే మిగిలేది మేలిమి వెండి. 1958లో గనులు మూతపడేదాకా ఆ కొండలు యిచ్చిన వెండి 1,300 టన్నులకు పైమాటే.

ఇప్పుడా కొలిమి యిల్లే నార్వే గనుల మ్యూజియం. తమాషా ఏమిటంటే, కరిగించడానికే కట్టిన యింట్లో యిప్పుడు కరగని వెండిని కాపాడుతున్నారు! రాతిలోనే తీగెల్లా మెలికలు తిరిగిన వెండి అది. ఏ కంసాలీ చెయ్యి పెట్టలేదు. ఇలాంటివెన్ని కొలిమిలో పడి నాణేలైపోయాయో అనుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అదే కప్పు కింద స్కీ మ్యూజియం కూడా వుంది. ఈ ఊరి హీరో బిర్గర్ రూడ్. స్కీలమీంచి గాల్లోకి ఎగిరే పోటీలో 1932, 1936 ఒలింపిక్స్‌లో బంగారం కొట్టాడు. నాజీల ఆక్రమణ కాలంలో వాళ్ళ పోటీల్లో దూకనన్నాడు, జైలుకి పోయాడు! యుద్ధం అయ్యాక, 1948లో, 36 ఏళ్ళ వయసులో మళ్ళీ దూకి పతకం తెచ్చాడు. ఏం పతకమో చెప్పాలా? వెండి!

ఊరికి దగ్గర్లోని సాగ్రెండాలో చిన్న రైలెక్కి గనిలోకీ వెళ్ళొచ్చు. కొండ కడుపులో 2.3 కిలోమీటర్ల ప్రయాణం. ఎండాకాలమైనా సరే, స్వెట్టర్ మరిచిపోకండేం!