సెడాలియాలో పసుపు ఇల్లు

గ్రీన్స్‌బరో దాటి కాస్త తూర్పుకు వెళ్తే సెడాలియా వస్తుంది. నార్త్ కరోలినా తెలుగువాళ్లు కేరీకీ షార్లెట్‌కీ మధ్య తిరుగుతూ గమనించకుండానే దాటిపోయే ఊరు. మా పిల్లల బడి వైస్ ప్రిన్సిపాల్‌తో కలిసి వెళ్లాను. ఆవిడ నల్లజాతి మహిళ.

1901లో షార్లెట్ హాకిన్స్ అనే నల్లజాతి అమ్మాయి ఇక్కడి మిషనరీ బడికి టీచరుగా వచ్చింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఏడాదికే ఆ బడి మూతపడింది. ఊరివాళ్లు ఉండిపొమ్మన్నారు. ఉత్తరాదిలో చందాలు పోగుచేసి 1902లో పామర్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. 1952 దాకా తనే నడిపింది. ఆవిడ కాపురమున్న పసుపురంగు చెక్క ఇల్లు, కెనరీ కాటేజ్, ఇప్పటికీ ఉంది. సమాధీ ఆ ప్రాంగణంలోనే.

చందాలిచ్చే తెల్లవాళ్లలో చాలామందికి నల్లపిల్లలకు పొలంపనీ ఇంటిపనీ వస్తే చాలు. వాళ్లకు ఆ పనుల గురించే చెబుతూ, తరగతిలో మాత్రం కాలేజీకి పంపే చదువు చెప్పించింది. యాభై ఏళ్లు అలా నెట్టుకురావడానికి ఎంత ఓపిక కావాలి! 1920లో మెంఫిస్‌లో తెల్ల మహిళల సభలో మాట్లాడటానికి రైల్లో వెళ్తుంటే, స్లీపర్ పెట్టెలోంచి బలవంతంగా నల్లవాళ్ల పెట్టెలోకి పంపారు. ఆ అవమానాన్ని ఆ సభలోనే నిలబడి చెప్పింది. ఆ ధైర్యానికి నాకు కళ్లు చెమర్చాయి.

వైస్ ప్రిన్సిపాల్ ఆ పసుపు ఇంటి వరండాలో ఆగిపోయారు. "కొట్లాటలు తీర్చడం, బస్సుల దగ్గర కాపలా, అన్నీ నాకే. బడ్జెట్, టీచర్ల నియామకాలు పక్కగదిలో ఇంకో వైస్ ప్రిన్సిపాల్ ఉన్నాడే, ఆయనకి. తీరా ప్రిన్సిపాల్ ఇంటర్వ్యూలో ఆ రెండింటి గురించే అడుగుతారు," అన్నారు.

ఇది ఆవిడ ఒక్కరి గోడు కాదు. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరువేరు బడులు చెల్లవన్న 1954 అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత దక్షిణాదిలో బడులు కలిపినప్పుడు మూసేసినవి ఎక్కువగా నల్లవాళ్ల బడులే. వాటి ప్రిన్సిపాళ్లలో ఎందరో కొలువులు పోగొట్టుకున్నారు, లేదా కిందిస్థాయికి దిగారు. 2020-21లోనూ ప్రభుత్వ బడుల ప్రిన్సిపాళ్లలో నల్లజాతివాళ్లు, ఆడా మగా కలిపి, 10 శాతమే. తెల్లవాళ్లు 77 శాతం. చేతకాక ఆగిపోయారంటే నేను నమ్మను. పెద్ద కుర్చీకి తీసుకెళ్లే పని వాళ్లకు ఇవ్వడం లేదు.

"వచ్చే ఏడు బడ్జెట్ నాకివ్వమని రాతపూర్వకంగా అడుగుతున్నాను," అన్నారు కారెక్కుతూ. స్కూల్ బోర్డు సమావేశాల్లో తల్లిదండ్రులూ మాట్లాడొచ్చు. ఈసారి మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు రాయించాను.