అడుగు స్వరం పోకూడదు
మూడు తరాలుగా బెంగళూరులో ఉన్న మా ఇంట్లో ఇప్పుడు మావాడి బేస్ గిటార్ మోగుతోంది. పెడళ్ల సంగతి వాడి దగ్గరే నేర్చుకున్నాం. ఓవర్‌డ్రైవ్ స్వరం అల తలని మెల్లగా గుండ్రం చేస్తుంది. డిస్టార్షన్ టక్కున నరికేస్తుంది. ట్యూబ్ స్క్రీమర్ లాంటి మామూలు గిటార్ పెడల్ పెడితే గరగర బాగానే వస్తుంది గానీ, అడుగు స్వరం పలచబడుతుంది. బేస్ లావు తీగ పలికేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. అది పోతే పాటకి పునాదేదీ? అందుకే బాస్ వాళ్ల ఓడీబీ-3లో బ్యాలెన్స్ నాబ్ ఉంది: అసలు స్వరం కొంత, గరగర కొంత కలుపుకోవచ్చు.

మా తెలుగులో కన్నడం కలిసింది, ఇంగ్లీషూ కలుస్తోంది. కలవనీ. అవ్వ మాట మాత్రం అడుగున వినపడుతుండాలి అంటాం మావాడితో. బదులు తెలుగులోనే ఇస్తున్నాడు, ప్రస్తుతానికి.