బెన్నహీ కొండ మీద ఒక పూట

స్కాట్లండు వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరిదీ వొకటే ప్రశ్న: "అక్కడ ఏమేం చూశారండీ?" కోటలు చూశాను. సముద్రం చూశాను. ఆగస్టు నెలలో స్వెట్టరు తొడుక్కుని వణకడమూ చూశాను. కాని నా మనసులో నిలిచిపోయింది మాత్రం వొక కొండ. కొండంటే ఏ హిమాలయమో అనుకునేరు! దాని ఎత్తు సుమారు 1,700 అడుగులు. మన తిరుమల కొండ కన్న పొట్టి.

మా అమ్మాయీ అల్లుడూ అబర్డీన్‌లో కాపురం వుంటున్నారు. ఆ వూళ్ళో పాత ఇళ్ళన్నీ బూడిదరంగు గ్రానైటు రాతివి. మబ్బు పట్టిన రోజున దిగాలుగా కనిపిస్తాయి. కాస్త ఎండ తగిలితే చాలు, తళుకులీనుతాయి. 1970ల నుంచి ఉత్తర సముద్రంలో చమురు తీయడం సాగి, అది చమురు వాళ్ళ వూరయిపోయింది. మన తెలుగు ఇంజనీర్లూ అక్కడికి చేరారు. మా అల్లుడూ ఆ కోవలోని వాడే.

వొక శనివారం పొద్దున్నే అమ్మాయి నా గదిలోకి వచ్చి, "అమ్మా, హెదర్ పూసింది. ఇవాళ బెన్నహీ కొండకు వెడుతున్నాం. నువ్వీ పంట్లాం తొడుక్కోవాలి," అన్నది.

నలభై యేళ్ళుగా చీర తప్ప ఎరగని దాన్ని! కుచ్చెళ్ళు ఎగదోపుకుని మీ తాతగారి పొలాలన్నీ తిరిగిన దాన్నేనని వాదించాను.

"ఆ పొదల్లో గోమారులుంటాయి అత్తయ్యా. మన పశువులకు పట్టే లాంటివే. కరిస్తే జబ్బు చేస్తుంది," అన్నాడు అల్లుడు.

ఇక నోరు మూసుకుని పంట్లాం తొడుక్కున్నాను. దాని అంచులు మేజోళ్ళలోకి దోపుకున్నాను. నన్ను చూసి మా మనవడు నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో వుంది.

దాచడమెందుకు, ముందు రోజు రాత్రి మా తల్లీకూతుళ్ళకు చిన్న మాట పట్టింపు వచ్చింది. కర్నూల్లో మా నాన్నగారు కట్టించిన ఇల్లు నా పేరున వుంది. దాన్ని కొని, పడగొట్టి, అపార్టుమెంట్లు కడతామని ఎవరో అడుగుతున్నారు. "ఆ పాత కొంపను పట్టుకుని ఎన్నాళ్ళు వేళ్ళాడతావమ్మా? అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్," అని అమ్మాయి. "చూద్దాంలే," అని నేను. అంచేత కారులో ఇద్దరమూ చెరో కిటికీలోంచీ బయటికి చూస్తూ కూర్చున్నాం.

గంటలోపే కొండ మొదటికి చేరాము. "బెన్నాకీ కాదు అమ్మమ్మా, బెన్నహీ! ఆ 'హ' గొంతులోంచి గరగరలాడుతూ రావాలి," అని మనవడు నాకు అక్షరాభ్యాసం చేశాడు. ఆ కొండకు శిఖరాలు చాలానే వున్నాయి. అన్నిటికన్న ఎత్తయినది వేరే వుంది గాని, జనం ఎక్కేదీ, మైళ్ళ దూరం నుంచి గుర్తుపట్టేదీ 'మిదర్ టాప్' అనే రాతి శిఖరాన్ని. మిదర్ అంటే వాళ్ళ యాసలో అమ్మ. కొండకు అమ్మ పేరు పెట్టుకున్నారని తెలియగానే, చలి సంగతి ఎలా వున్నా, ఆ జనం మీద నాకు అభిమానం పుట్టింది.

మొదట దేవదారు జాతి చెట్ల నీడన బాట. కింద నాచు పరుపు. ఎక్కడో నీటి చప్పుడు. నాలుగడుగులు వేయడం, ఆయాసం దాచుకోవడానికి చెట్లను మెచ్చుకోవడం - ఇలా సాగింది నా ప్రయాణం. ఉన్నట్టుండి చెట్లు అయిపోయాయి. తలెత్తి చూద్దును గదా, కొండ కొండంతా నేరేడు పండు పిండి ఆరబెట్టినట్టుంది!

అదే హెదర్. మొక్క మోకాలెత్తు వుంటుందేమో. కాడ పుల్లలాగా గట్టిగా వుంటుంది. దాని పొడుగునా జొన్నగింజంత పూలు. వొక్క పువ్వును చూస్తే ఏముందనిపిస్తుంది. కోట్లాది పూలు కలిసి కొండను కప్పితే మాత్రం మాట పెగలదు. మనకు తంగేడు పూసినప్పుడు గుట్టలు పచ్చగా వెలిగినట్టే, ఇక్కడ ఊదా వెలుగు. తేనెటీగల రొద చెవులు నింపేస్తుంది. ఈ పూతకోసం తేనె పట్టేవాళ్ళు ఆగస్టులో తమ పెట్టెలను ఇలాంటి కొండల దగ్గరికి తెచ్చి పెట్టుకుంటారు. ఆ తేనె ఎర్రటి గోధుమ రంగులో జున్నులా పేరుకుని వుంటుంది. గరిటెతో కలిపితే పలచబడుతుంది, వదిలేస్తే మళ్ళీ గట్టిపడుతుంది.

తెల్ల హెదర్ దొరికితే అదృష్టమని అక్కడి వాళ్ళ నమ్మకం. మనవడు బాటకు అటూ ఇటూ వంగి వెతుకుతూనే వున్నాడు. దొరకలేదు. దానికి బదులు చిన్న నల్లటి పండ్లు దొరికాయి. బ్లేబెర్రీలట. గుప్పెడు తిన్నాను. పులుపూ తీపీ కలిసిన రుచి. తిన్నాక నాలుకలు బయట పెట్టి ఒకరికొకరం చూపించుకున్నాం. నాదీ మనవడిదీ వొకటే రంగు.

"భగవంతుడు ఎంత తీరిగ్గా వేశాడో ఈ తోట!" అన్నాను.

"భగవంతుడొక్కడే కాదు అత్తయ్యా," అన్నాడు అల్లుడు. "చాలా చోట్ల ఈ హెదర్ బయళ్ళు మనుషుల చేతి పని కూడా. పూర్వం చెట్లు కొట్టేశారు. తర్వాత గొర్రెలు మేశాయి. ముదిరిన హెదర్‌ను ముక్కలు ముక్కలుగా కాలుస్తారు. మోడు నుంచి లేత చిగుళ్ళు వస్తాయి. ఆ చిగుళ్ళు గ్రౌస్ అనే పక్షికి ఆహారం. ఆ పక్షిని పెంచేది దొరలు వేటాడుకోవడానికి! ఇవేవీ లేకుండా వదిలేస్తే ఇక్కడ చాలా భాగం మళ్ళీ చెట్లు మొలుస్తాయి."

పేదవాడికి మాత్రం ఇది వేట సరదా కాదు. వెనకటి రోజుల్లో హెదర్‌తో ఇళ్ళు కప్పారు, తాళ్ళు పేనారు, చీపుళ్ళు కట్టారు, పరుపులు పరుచుకున్నారు. మనకు తాటిచెట్టు ఎలాగో, వాళ్ళకు ఈ పొద అలాగ.

శిఖరం దగ్గర రాళ్ళు పట్టుకుని ఎక్కాలి. చుట్టూ కూలిన రాతి గోడ. పిక్టులనే ప్రాచీన జాతి వాళ్ళు వెయ్యేళ్ళకు పూర్వమే ఇక్కడ కోట కట్టుకున్నారు. ఆ గోడ సందులోంచి దూరి పైకి చేరాను. కింద పండిన బార్లీ చేలు, రాతి ఇళ్ళు, ఆ పైన ఎక్కడో సన్నటి గీతలా సముద్రం. గాలికి నా ముసుగు ఎగిరిపోతున్నది. పులిహోర పొట్లాలు విప్పి నాలుగు ముద్దలు తిన్నామో లేదో, మబ్బు వచ్చి మా నలుగురినీ మింగేసింది. సముద్రం లేదు, చేలు లేవు, పక్కనున్న అమ్మాయే సగం కనిపిస్తున్నది. సన్న తుంపర మొదలయింది.

దిగేటప్పుడు అల్లుడు మమ్మల్ని అడవిలో వేరే బాటన తీసుకువెళ్ళాడు. అక్కడ చెట్ల నడుమ మోకాలెత్తు రాతి గోడలు కనిపించాయి. వాటి మీద నాచు. పశువుల దొడ్లేమో అనుకున్నాను. కాదు, ఇళ్ళు.

ఈ కొండ ఒకప్పుడు ఎవరి సొంతమూ కాదు. చుట్టుపక్కల వాళ్ళందరిదీ. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, భూమి లేని బీదలు కొందరు వచ్చి ఈ వాలు మీద రాళ్ళు ఏరి, గుడిసెలు వేసుకుని, మళ్ళు చేసుకున్నారు. మగవాళ్ళు రాతి గోడలు కట్టే పనికి పోయేవారు. ఆడవాళ్ళు మేజోళ్ళు అల్లేవారు. బయటివాళ్ళు ఆ వాడను 'కాలనీ' అన్నారు. 1859లో ఈ ఉమ్మడి కొండను తొమ్మిది మంది భూస్వాములు పంచుకున్నారు. తామే బాగు చేసుకున్న నేలకు ఈ బీదలు శిస్తు కట్టవలసి వచ్చింది. కొందరిని వెళ్ళగొట్టారు, కొందరు వాళ్ళే వెళ్ళిపోయారు. ఆఖరి మనిషి 1939లో కన్ను మూశాడు. తర్వాత చెట్లు నాటారు. 2003లో చేసిన చట్టం వల్ల ఇప్పుడు ఎవరైనా, ఎవరి కొండ మీదనైనా, నష్టం చేయకుండా నడవవచ్చు. అందుకే మేమంతా అడిగేవాడు లేకుండా తిరిగాము. నడిచే హక్కు తిరిగి వచ్చింది గాని, ఆ ఇళ్ళు తిరిగి రాలేదు.

వొక గోడ సందులో రాళ్ళు తేరుకుని అరుగులా వున్నాయి. అల్లుడు అది ఏమిటో చెప్పబోయే లోపలే నేను చెప్పాను, "అది పొయ్యి." దాని కెదురుగా గోడలో ఖాళీ. "అది గుమ్మం."

"నీకెలా తెలుసు అమ్మమ్మా?" అన్నాడు మనవడు.

నాకు తెలియకేం? మా పుట్టిల్లు కృష్ణ ఒడ్డున వుండేది. 1981లో ఆనకట్ట నీళ్ళలో వూరు మునిగిపోయింది. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. వేసవిలో నీళ్ళు బాగా తగ్గినప్పుడు గోడలు బయటపడతాయి. పెళ్ళయిన కొత్తలో వొకసారి మా నాన్నగారు నన్ను తీసుకువెళ్ళి చూపించారు. సరిగ్గా ఇంతే ఎత్తు గోడలు, నాచుకు బదులు ఎండిన బురద. మా అమ్మ పొయ్యి వెతుక్కుని దాని దగ్గర నిలబడ్డాను. నాన్నగారు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆ గుమ్మానికి గడప లేదు. వూరు ఖాళీ చేసేటప్పుడే ఆయన ద్వారబంధం గడపతో సహా పెకలించి, బండి మీద వేసి కర్నూలు తెచ్చారు. కొత్త ఇల్లు ఎలా కట్టాలో తర్వాత చూసుకుందాం, ముందు దీన్ని నిలబెట్టండి అన్నారట మేస్త్రీలతో.

ఇదంతా తుంపరలో నిలబడి మనవడికి చెప్పాను. వాడు వింటున్నాడని చెప్పానే గాని, వాడి వెనక అమ్మాయి గొడుగు ముడిచి నిలబడి వున్నట్టు చూడలేదు. ఆ గడపకు నేను శుక్రవారం శుక్రవారం పసుపు రాయడం దానికి తెలుసు. అది ఎక్కడి గడపో ఎన్నడూ చెప్పలేదు. అది అడగలేదు, నేను చెప్పలేదు.

కారులో తడిసిన బట్టల వాసన. మనవడు నా వొళ్ళో తల పెట్టి నిద్రపోయాడు. వాడి గుప్పిట్లో నలిగిన హెదర్ రెమ్మ, ఊదా రంగుదే. వెనక కొండ మబ్బులోంచి కాసేపు తల బయట పెట్టింది.

చాలా సేపటికి అమ్మాయి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"ఆ గడప ఎంత పొడుగుంటుందమ్మా?"

"మూడున్నర అడుగులు," అన్నాను.

అది మొగుడి వైపు చూసింది. అతను తల వూపాడు. కర్నూలు ఇంటి సంగతి ఇంకా తేలలేదు. గడప సంగతి మాత్రం ఆ కారులోనే తేలిపోయింది.